తుంటి నొప్పికి రక్తపరీక్ష చెప్పేదెంత?

పొద్దున్నే మంచం దిగి మొదటి నాలుగడుగులు వేసేటప్పుడు గజ్జలో కలుక్కుమంటోందా? చెప్పు తొడుక్కోవడానికి వంగితే కాలు మెలి తిరగక, గోడ పట్టుకుని పక్కనుంచి తొడుక్కుంటున్నారా? భోజనానికి బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఒక మోకాలు నేలకు ఆనక పైకే ఉండిపోతోందా? అయితే ఈ వారం ఈ పేజీ మీకోసమే. పంటకు తెగులొస్తే ఆకు పట్టుకుని ఊళ్ళన్నీ తిరుగుతాం. తుంటి పట్టేస్తే మాత్రం ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకుంటాం. లేదంటే పట్నం వెళ్ళి, ల్యాబు వాడు రాసిన పరీక్షలన్నీ చేయించుకుని, ఆ కాగితం చదివేవాడు దొరక్క జేబులో పెట్టుకుని తిరుగుతాం.

తుంటి కీలు అరుగుదల గురించి, దాన్ని రక్తంలోనూ కీలు నీటిలోనూ పట్టుకోవడానికి శాస్త్రవేత్తలు వెతుకుతున్న ఆనవాళ్ళ గురించి చెప్పుకుందాం. ఇందులో మీ డబ్బు ముడిపడి ఉంది. మీ కాలు కూడా ముడిపడి ఉంది.

మా బాబాయి సంగతి

మా బాబాయికి మూడెకరాల మెట్ట. కందీ, పత్తీ. యాభై రెండో ఏట కుడి మోకాలు నొప్పి అన్నాడు. ఊళ్ళో ఆరెంపీ మోకాలికి రెండు సూదులు వేశాడు. నెల తగ్గి మళ్ళీ వచ్చింది. పట్నంలో ఒక చోట ‘కీళ్ళ పరీక్షలన్నీ’ అని ఒకే దెబ్బలో రక్తం తీశారు. పత్తి అమ్మిన డబ్బులో మంచి భాగం అక్కడే పోయింది. ఆ కాగితంలో ‘ఆర్‌ఏ ఫ్యాక్టర్’ ఉండాల్సిన దానికన్నా కొంచెం ఎక్కువుంది. ఇంకేం, కీళ్ళవాతం అన్నారు. చిన్న తెల్ల బిళ్ళలు ఏడాదికి పైగా మింగాడు. మొదట్లో ఒళ్ళు తేలికైందన్నాడు. మొహం ఉబ్బింది, షుగరొచ్చింది. కుంటడం మాత్రం పోలేదు. ఆ బిళ్ళలు స్టెరాయిడ్లని మాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

చివరికి ఒక పెద్దాసుపత్రిలో డాక్టరు ఆ కాగితాలు చూడనే లేదు. బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు మడిచి, పాదాన్ని బయటివైపుకు తిప్పాడు. బాబాయి కేక పెట్టాడు. ‘నొప్పి మోకాల్లో కాదయ్యా, తుంటిలో’ అని కటి భాగానికి ఎక్స్‌రే తీయించాడు. తుంటి గుండు పైభాగం కుంగిపోయి ఉంది. ఆ కుంగుడు ముందే మొదలైందో, బిళ్ళలు తెచ్చిపెట్టాయో ఇప్పుడెవరూ తేల్చలేరు. కాని మోకాలికి సూదులు వేసిన నాడే తుంటికి ఒక్క ఎక్స్‌రే తీసి ఉంటే ఆ ఏడాదిన్నర మిగిలేది.

ఇది బాబాయి ఒక్కడి ముచ్చట కాదు కాబట్టే రాస్తున్నాను. తుంటి కీలు పాడైతే నొప్పి తుంటి మీద రావాలని లేదు. ఎక్కువగా గజ్జలో వస్తుంది. తొడ ముందు భాగంలోకి దిగుతుంది. కొందరికి మోకాల్లోనే తెలుస్తుంది. పిర్ర వెనక నొప్పి వచ్చి కాలి పిక్కదాకా గుంజితే అది నడుం నరం తాలూకు అయ్యే అవకాశమే ఎక్కువ. ఈ తేడా తెలిసి ఉంటే ఎవరి దగ్గరికి వెళ్ళినా మీరే చెప్పగలరు.

రుబ్బురోలూ పొత్రమూ

తుంటి కీలు ఎలా ఉంటుందో ఇంట్లో రుబ్బురోలు చూస్తే అర్థమవుతుంది. రోలు గుంట కటి ఎముకలో ఉంది. అందులో తిరిగే పొత్రం తొడ ఎముక తల. తేడా ఒక్కటే. రోట్లో రాయి రాయికి తగిలి పిండి నలగాలి. ఇక్కడ ఎముక ఎముకకు తగలకూడదు. అందుకే రెండింటికీ నున్నని పొర ఒకటి తొడిగి ఉంటుంది. పుస్తకాల్లో మృదులాస్థి అంటారు, మనం గుజ్జు అంటాం. ‘గుజ్జు అరిగింది’ అని డాక్టర్లు చెప్పేది దీన్నే. బండి ఇరుసుకు కందెన పూసినట్టు రెండు పొరల మధ్యా కాస్త జిగురు నీరు ఉంటుంది.

ఈ గుజ్జుకు రక్తనాళాలు లేవు, నరాలు లేవు. నరాలు లేవు కాబట్టి అరుగుతున్నప్పుడు మొదట్లో నొప్పి తెలియదు. రక్తం అందదు కాబట్టి దెబ్బతింటే తనంతట తాను సరిగ్గా పూడదు. దానికి తిండి ఆ జిగురు నీటి నుంచే. అడుగు వేసినప్పుడు స్పంజిలా నొక్కుకుని నీరు వదులుతుంది, కాలు ఎత్తినప్పుడు పీల్చుకుంటుంది. అందుకే అసలు కదలకుండా పడుకోవడమూ కీలుకు మంచిది కాదు, పరిమితికి మించి మోపు మోయడమూ మంచిది కాదు.

గుజ్జును నిలబెట్టేవి ముఖ్యంగా రెండు. ఒకటి కొల్లాజెన్ అనే పీచు. ఇది గుడిసె కప్పుకు కట్టిన తాళ్ళలాంటిది. గుజ్జులో ఉండే ఈ పీచు రకాన్ని రెండో రకం కొల్లాజెన్ అంటారు. రెండోది ఆ పీచు మధ్య నీటిని పట్టి ఉంచే బరువైన పదార్థం. కీలు అరిగేటప్పుడు గుజ్జులోని కణాలే కత్తెర్లలాంటి ఎంజైములు వదిలి ఈ పీచును ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలు కీలు నీటిలోకి, అక్కడినుంచి రక్తంలోకి, చివరికి మూత్రంలోకి చేరతాయి.

వాగులో ఎర్రనీరు

ఇక్కడే శాస్త్రవేత్తలకు ఆశ పుట్టింది. గట్టివాన పడ్డాక వాగులో ఎర్రనీరు వస్తే, ఎగువన ఎక్కడో పైమట్టి కోసుకుపోతోందని మీకు తెలుస్తుంది. పొలం చూడక్కర్లేదు, నీళ్ళు చూస్తే చాలు. అలాగే రక్తంలో, మూత్రంలో గుజ్జు ముక్కలు కొలిస్తే కీలు అరుగుతోందని ఎక్స్‌రేలో కనిపించడానికి ముందే చెప్పొచ్చు కదా అని. ఇలాంటి వాటిని జీవరసాయన ఆనవాళ్ళు అనుకుందాం.

వీటిలో పేరున్నవి మూడు చెబుతాను.

మొదటిది కాంప్ అనే ప్రొటీను. ఇది గుజ్జులో ఎక్కువగా ఉంటుంది. స్వీడన్ దేశంలోని లుండ్ విశ్వవిద్యాలయంలో హైనెగార్డ్ బృందం 1992లో దీన్ని వివరించింది. కీలు నీటిలోనూ రక్తంలోనూ దీన్ని కొలవచ్చని అదే ఏడాది చూపించారు. గుజ్జు చెదిరితే ఇది పెరుగుతుంది.

రెండోది సీటీఎక్స్-2. రెండో రకం కొల్లాజెన్ పీచు తెగినప్పుడు దాని చివర నుంచి ఊడిపడే తునక ఇది. మూత్రంలో కొలుస్తారు. హాలండ్‌లోని రోటర్‌డామ్‌లో ఊరి జనాన్ని ఏళ్ళ తరబడి వెంబడించి చూసినప్పుడు, ఈ తునక మూత్రంలో బాగా ఎక్కువ ఉన్నవారిలో తుంటి అరుగుదల ముదిరే ప్రమాదం చాలా రెట్లు ఎక్కువని 2004లో తేలింది. ఒక జాగ్రత్త. మన ల్యాబుల్లో ‘సీటీఎక్స్’ అని ఇంకొక పరీక్ష ఉంది. అది ఎముకలు గుల్లబారడానికి సంబంధించినది. పేరు ఒకలాగే ఉన్నా విత్తనమే వేరు.

మూడోది హైలురానిక్ ఆమ్లం. కీలు నీటికి జిగురు తెచ్చేది ఇదే. ఈ పదార్థాన్ని 1934లో అమెరికాలో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనేవారు మొదట తీసింది ఆవు కంటిగుడ్డులోని ద్రవం నుంచి. కీళ్ళలోకి ఎక్కించే జెల్ సూదులకు దీన్ని చాలాకాలం కోడిపుంజు తల మీది జుట్టు నుంచి తీశారు. పందెం కోడి జుట్టు చూసినప్పుడు గుర్తు పెట్టుకోండి! కీలు లోపలి పొర వాచినప్పుడు ఈ పదార్థం రక్తంలో పెరుగుతుంది. ఫ్రాన్సులో తుంటి అరుగుదల ఉన్న మూడొందల మందికి పైగా రోగుల్లో పది రకాల ఆనవాళ్ళు కొలిచి మూడేళ్ళు చూశారు. 2006లో ఆ ఫలితాలు వచ్చాయి. పదింట్లో నిలబడ్డవి ముఖ్యంగా రెండే. మూత్రంలో సీటీఎక్స్-2, రక్తంలో హైలురానిక్ ఆమ్లం. ఇవి ఎక్కువున్న వారిలో గుజ్జు త్వరగా తరిగింది.

మరి ఈ పరీక్షలు మనకెందుకు రాయరు? ఇంత పని చేస్తుంటే రాయొచ్చు కదా అంటారేమో. వాగు ఉపమానానికే మళ్ళీ వద్దాం. ఎర్రనీరు చూసి మట్టి కోసుకుపోతోందని చెప్పగలరు కాని, అది ఎవరి చేనుదో చెప్పగలరా? ఒంట్లో మోకాళ్ళున్నాయి, వేళ్ళ కీళ్ళున్నాయి, వెన్నుపూసల మధ్య దిళ్ళున్నాయి. వీటన్నింటి గుజ్జు తునకలూ అదే రక్తంలో కలుస్తాయి. తుంటి ఒక్కదాని లెక్క విడిగా రాదు.

ఇంకో చిక్కు. కాంప్ అరగంట నడిచినా పెరుగుతుంది. హైలురానిక్ ఆమ్లం పొద్దున లేచి తిరగడం మొదలెట్టగానే పెరుగుతుంది. కాలేయం చెడినవారిలో కీళ్ళు బాగున్నా అది ఎక్కువే ఉంటుంది. సీటీఎక్స్-2 పొద్దుట ఒక లెక్క, సాయంత్రం ఒక లెక్క. తెల్లవారుజామున మోటారు వేసి, మడికి నీళ్ళు కట్టి, బస్సెక్కి ల్యాబుకు పోయి రక్తమిచ్చే రైతు కాగితంలో వచ్చే అంకె కీలు అంకెనా, నడక అంకెనా?

వెయ్యిమందిని కలిపి చూస్తే ఈ ఆనవాళ్ళు దారి చూపిస్తాయి. ఒక్క మనిషిని నిలబెట్టి ‘నీ తుంటి అరిగింది, అరగలేదు’ అని తేల్చే శక్తి వాటికి ఇంకా రాలేదు. కొత్త మందులు పని చేస్తున్నాయో లేదో పరిశోధనలో చూసుకోవడానికి అక్కరకొస్తున్నాయి. అందుకని ఎవరైనా ‘రక్తంలో గుజ్జు పరీక్ష’ అని చెప్పి డబ్బు అడిగితే, ఆ అంకె వచ్చాక వైద్యంలో ఏం మారుతుందో ముందు అడగండి. ఏమీ మారదంటే ఆ డబ్బు ఎరువుల కొట్టు బాకీకి పనికొస్తుంది.

మామూలు కాగితంలో ఉండేవి

మన ల్యాబుల్లో ‘ఆర్థరైటిస్ ప్యాకేజీ’ అని చేసేవి వేరే. ఈఎస్ఆర్, సీఆర్‌పీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యూరిక్ యాసిడ్, ఏఎస్ఓ. ఇవి తుంటి అరుగుదలను పట్టుకునేవి కావు. అరుగుదలలో ఇవి సాధారణంగా మామూలుగానే ఉంటాయి, సీఆర్‌పీ కొద్దిగా పెరిగితే పెరగొచ్చు. ఇవి ఉన్నది వేరే జబ్బుల్ని తోసిపుచ్చడానికి.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఏ జబ్బూ లేని వాళ్ళలోనూ కొందరికి ఎక్కువుంటుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకొంచెం మందికి. కీళ్ళవాతం ముందుగా చేతివేళ్ళ కణుపుల్లో, మణికట్టులో, రెండు వైపులా వాపుతో వస్తుంది. పొద్దున గంటకు పైగా వేళ్ళు బిగుసుకుంటాయి. ఇవేవీ లేకుండా ఒక్క గజ్జ నొప్పికి ఆ అంకె చూసి కీళ్ళవాతం అంటే నమ్మొద్దు. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నా గౌట్ లేని వాళ్ళు బోలెడు మంది. గౌట్ ముందు కాలి బొటనవేలు పట్టుకుంటుంది, తుంటిని పట్టుకోవడం అరుదు. ఏఎస్ఓ పిల్లల్లో గొంతు జబ్బు తర్వాత వచ్చే కీళ్ళ జ్వరానికి సంబంధించింది. యాభై ఏళ్ళ రైతు తుంటికి దాంతో పనేంటో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు.

అలాగని రక్తపరీక్షే వద్దనడం లేదు. సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలో నొప్పితో ఉలిక్కిపడటం ఉంటే ఈఎస్ఆర్, సీఆర్‌పీ తప్పనిసరి. తుంటి క్షయ మన దేశంలో ఇంకా ఉంది. ఆదిలాబాద్, పాడేరు, పార్వతీపురం వైపు ఏజెన్సీ గూడేల్లో కుర్రవాళ్ళకు తుంటి నొప్పి వస్తే సికిల్ సెల్ పరీక్ష చేయించాలి. ఆ జబ్బులో కొడవలి ఆకారంలో వంగిన రక్తకణాలు అడ్డుపడి తుంటి గుండుకు రక్తం అందదు. 2023లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టాక ఈ ప్రాంతాల్లో ఈ పరీక్ష జరుపుతున్నారు. ఇక్కడ ఒక్క రక్తపు చుక్క నిజంగా దారి చూపిస్తుంది.

ఫ్లోరైడు సంగతి కూడా ఒక్క మాట. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఎముకల ఫ్లోరోసిస్‌ను గుర్తించారు. ఆ తర్వాత నల్లగొండ పేరు అందరికీ తెలిసిందే. చిన్నప్పటి నుంచి బోరు నీళ్ళు తాగినవారికి నడుం, మెడ, తుంటి అన్నీ కలిపి బిగుసుకుపోతే ముందు నీళ్ళు పరీక్ష చేయించాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది. వేరే నీళ్ళు లేని చోట గరిష్ఠంగా 1.5 దాకా ఒప్పుకున్నారు.

కీలులో నీరు తీస్తే

మోకాలు వాచినప్పుడు సూదితో నీరు తీయడం మీరు చూసే ఉంటారు. తుంటిలో అలా కుదరదు. కీలు కండల కింద లోతుగా ఉంది, పక్కనే పెద్ద రక్తనాళం, నరం ఉన్నాయి. స్కానింగు తెర మీదో ఎక్స్‌రే తెర మీదో సూది ఎటు పోతోందో చూస్తూ తీయాలి. కాబట్టి ఊళ్ళో ఎవరైనా ‘తుంటిలో నీరు తీస్తా’ అంటే ఒప్పుకోకండి.

తీసిన నీటిని మొదట కంటితోనే చూస్తారు. అరుగుదలలో అది లేత పసుపు రంగులో తేటగా ఉంటుంది, వేళ్ళ మధ్య సాగదీస్తే తీగలా సాగుతుంది. కీళ్ళవాతంలో పలచబడి మసకేస్తుంది. చీము పట్టిన కీలులో పాలమజ్జిగలా ఉంటుంది. తర్వాత తెల్లకణాలు లెక్కిస్తారు. ఒక మైక్రోలీటరుకు 2000 లోపుంటే అరుగుదల వంటివి. అక్కడినుంచి 50 వేల దాకా వాపు జబ్బులు. 50 వేలు దాటితే చీము అని అనుమానించి ఆ గంటలోనే వైద్యం మొదలెడతారు. ఈ గీతలు కచ్చితమైన గట్లేమీ కావు, కొంచెం అటూ ఇటూ అవుతాయి. సూక్ష్మదర్శినిలో సూదుల్లాంటి స్ఫటికాలు కనిపిస్తే గౌట్. క్షయ క్రిముల కోసం నీటిని పెంచి చూస్తారు.

అంటే కీలు నీరు కూడా అరుగుదలను పట్టుకోవడానికి కాదు. చీము, క్షయ, గౌట్ ఉన్నాయేమో చూడటానికి. పిల్లవాడికి జ్వరంతో పాటు కాలు కదిపితే ఏడుపు వస్తుంటే మాత్రం మర్నాటి దాకా ఆగొద్దు. చీము పడితే తుంటి గుజ్జు రోజుల్లో కరిగిపోతుంది.

రైతుకే ఎందుకు?

కాంప్ ప్రొటీను బయటపడిన ఆ 1992లోనే ఇంగ్లండులో ఇంకో పరిశోధన వచ్చింది. పల్లెల్లో అరవై దాటిన మగ రైతులకూ, కుర్చీలో కూర్చుని పనిచేసిన వారికీ తుంటి ఎక్స్‌రేలు పోల్చారు. పదేళ్ళకు మించి సేద్యం చేసినవారిలో తుంటి అరుగుదల సుమారు 9 రెట్లు ఎక్కువ కనిపించింది. ఫలానా పంట, ఫలానా పశువులు అని తేడా లేదు. బరువులెత్తడమే ముఖ్య కారణం కావచ్చన్నారు. స్వీడన్ రైతుల్లోనూ ఇలాగే తేలింది. బ్రిటన్ ప్రభుత్వం 2005లో ఈ జబ్బును వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. కూలీ అయినా రైతయినా, మొత్తం పదేళ్ళు వ్యవసాయంలో పనిచేసి తుంటి అరిగితే పరిహారం కోరవచ్చు. మన చిన్న రైతు ఎవరి దగ్గరా ఉద్యోగి కాడు. తన తుంటిని తన చేలోనే అరగదీసుకుని, వైద్యం ఖర్చూ తానే పెట్టుకుంటున్నాడు.

ఒక మాట ఒప్పుకోవాలి. మన దేశంలో మోకాళ్ళ అరుగుదల ఎక్కువ, తుంటి అరుగుదల తక్కువ. మనవాళ్ళ తుంటి పాడైతే దాని వెనక చాలాసార్లు ఇంకో కారణం ఉంటుంది. పాత దెబ్బ, చిన్నప్పటి తుంటి జబ్బు, క్షయ, సికిల్ సెల్, లేదా గుండుకు రక్తం ఆగిపోవడం. ఈ చివరిదానికి రెండు పెద్ద కారణాలు స్టెరాయిడ్లు, సారా. 2021లో కరోనాకు ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు వాడిన కొందరిలో నెలల తర్వాత ఇదే బయటపడింది. మొదట్లో ఎక్స్‌రేలో కూడా కనిపించదు, ఎంఆర్ఐలోనే తెలుస్తుంది. ఆ దశలో పట్టుకుంటే గుండు కుంగకుండా కాపాడే అవకాశం ఉంది.

వెనక కారణం వెతకడం ఎంత ముఖ్యమో కర్ణాటకలోని హందిగోడు చెబుతుంది. షిమోగా జిల్లా సాగర తాలూకాలోని ఈ ఊళ్ళో 1970ల మధ్యలో దళిత కూలీ కుటుంబాల్లో పిల్లలూ పెద్దలూ తుంటి నొప్పితో మంచం పట్టారు. వరి మడుల్లో కొట్టిన పురుగుమందు, ఆ మడుల్లో పట్టుకు తిన్న పీతలు కారణమని గట్టి అనుమానం. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళూ అక్కడికి వెళ్ళి పరిశోధించారు. చివరికి ఇది ఎముక ఎదుగుదలలో లోపంగా తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు వచ్చేదని తేలింది. దారి చూపింది ఎక్స్‌రేలు, ఇంటింటి వంశవృక్షాలు.

మరి ఏం చేయాలి?

గజ్జ నొప్పి మూడు నాలుగు వారాలు దాటితే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ముందు అడగాల్సింది రెండు తుంట్లూ వచ్చేలా కటి ఎక్స్‌రే. అది చవక పరీక్షే. రక్తపరీక్షలు ఆ తర్వాత, డాక్టరు కారణం చెప్పి రాస్తేనే. ఏ బిళ్ళ ఇచ్చినా ‘ఇందులో స్టెరాయిడ్ ఉందా’ అని అడిగి పేరు రాయించుకోండి. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అనే పేర్లు గుర్తు పెట్టుకోండి. అవి కొన్ని జబ్బులకు ప్రాణం పోసే మందులే, తుంటి అరుగుదలకు రోజూ మింగేవి కావు. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, ప్రమాదం. డాక్టరే మెల్లగా తగ్గించాలి. నొప్పి బిళ్ళలు కూడా బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు అడక్కుండా వాడొద్దు.

గ్లూకోసమైన్ గోలీలు చాలామంది కొంటున్నారు. రొయ్యల, పీతల పెంకుల నుంచి తీసేవి ఇవి. హాలండ్‌లో తుంటి అరుగుదల ఉన్న 222 మందిపై రెండేళ్ళు వాడి చూస్తే ఉత్తుత్తి బిళ్ళకన్నా మేలు చేయలేదని 2008లో తేలింది. ఆ డబ్బుకు నెలంతా కోడిగుడ్లు వస్తాయి.

పని పూర్తిగా మానమని ఎవరూ చెప్పరు, చెప్పినా మీరు మానలేరు. 45 కిలోల యూరియా బస్తా ఒక్కరే భుజానికెత్తకుండా ఇద్దరు పట్టండి, లేదా చిన్న సంచుల్లో పంచుకోండి. గొంతుకూర్చుని కలుపు తీసేచోట చిన్న పీట వేసుకోండి. ఒళ్ళు బరువుంటే నాలుగైదు కిలోలు తగ్గినా తుంటి మీద భారం అంతకు రెట్టింపు పైనే తగ్గుతుంది. తొడ, పిర్ర కండలకు బలమిచ్చే కసరత్తు ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. చేతికర్ర పట్టుకోవడానికి సిగ్గుపడకండి. కాని ఏ చేత్తో? చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. అది తప్పు. కుడి తుంటి నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. కుడి కాలు వేసేటప్పుడు ఎడమ చేతి కర్ర నేలకు ఆనాలి. అప్పుడే తుంటి మీద బరువు దిగుతుంది.

గుజ్జు పూర్తిగా పోయి రాత్రి నిద్ర కూడా పట్టకపోతే కీలు మార్పిడి ఆపరేషన్ ఉంది. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ 1962లో గట్టిపరిచిన పద్ధతే ఇప్పటికీ దానికి పునాది. కొత్త కీలు సగానికి మించిన మందికి పాతికేళ్ళు నిలుస్తోంది. అయితే ఆపరేషన్ తర్వాత గొంతుకూర్చోవడం, బరువులెత్తడం తగ్గించుకోవాలి. దొడ్డికి ఎత్తు కుర్చీ కావాలి. సేద్యం చేసేవాడు ఈ మాట ముందే డాక్టరుకు చెప్పుకోవాలి. మీ ఆరోగ్యశ్రీ లేదా వైద్యసేవ కార్డులో మీ జబ్బుకు ఈ ఆపరేషన్ ఉందో లేదో చేరకముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి, చేరాక కాదు.

ఇంకొక్కటి. పాత ఎక్స్‌రే ఫిల్ములు చూరులో దోపి, తడిసి, ఎలుకలు కొట్టి పోతుంటాయి. పారేయకండి, మడవకండి. కీలు మధ్య సందు ఏడాదికి మిల్లీమీటరులో కొద్ది వంతే తగ్గుతుంది. నేటి ఫిల్ము పక్కన రెండేళ్ళ కిందటిది పెట్టి చూస్తేనే అది తెలుస్తుంది. ఆ రెండు ఫిల్ములూ చెప్పినంత ఇవాళ ఏ ల్యాబు కాగితమూ చెప్పలేదు. తేదీ, ఏ కాలో పైన రాసి, పట్టాదారు పాసుపుస్తకం పెట్టే పెట్టెలోనే పెట్టండి.